టేపు తిరుగుతోందా?

నా హార్డ్ డిస్క్‌లో ఒకే పాట 61 సార్లు ఉంది. పాట పేరు 'ఎ మిలియన్ మైల్స్ అవే'. పాడిందీ, గిటార్ వాయించిందీ రోరీ గ్యాలహర్. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మధ్యలో ఒక 'జి' ఉంటుంది గానీ ఐర్లండ్ వాళ్ళు దాన్ని పలకరు. తెలుగులో రాస్తే ఆ గొడవ లేదు, పలికినట్టే రాసేసుకోవచ్చు. ఈ చిన్న సంగతి తర్వాత నాకు చాలా పనికొచ్చింది.

ఆ ఫోల్డర్ చూసి మా రూమ్మేట్ అన్నాడు కదా, “ఒరేయ్, ఒకటి ఉంచుకుని మిగతా 60 లేపెయ్‌రా, మూడు జీబీ ఖాళీ అవుద్ది.” వాడి ముందే డూప్లికేట్ ఫైళ్ళు వెతికే ప్రోగ్రామ్ నడిపించి చూపించాను. ఒక్క హ్యాష్ కూడా ఇంకోదానితో కలవలేదు. “అయితే కంప్యూటర్‌కి కూడా చెవులు లేవన్నమాట,” అని దుప్పటి కప్పుకున్నాడు.

వాడికి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తాను. ముందే ఒక మాట. నేను పదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం, ఇంటర్‌లో అందరిలాగే మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవాణ్ణి. వత్తులు అక్కడక్కడా జారితే ఎడిటర్ అక్క సర్దుతానంది.

రోరీ 1948 మార్చి 2న డొనెగాల్ కౌంటీలోని బాలీషానన్‌లో పుట్టి, కార్క్ నగరంలో పెరిగాడు. 15 ఏళ్ళ వయసులో, 1963లో, కార్క్‌లోనే ఒక మ్యూజిక్ షాపులో 1961 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ధర సుమారు 100 పౌండ్లు, అదీ వాయిదాల మీద. జీవితమంతా దాన్నే వాయించాడు. చెమటకి దాని రంగు ఊడిపోయి లోపలి చెక్క బయటపడింది. ఫొటో చూస్తే మన ఊళ్ళో పాత తలుపులా ఉంటుంది. మొదట 'టేస్ట్' అనే ముగ్గురి బ్యాండ్, 1971 నుంచి సొంత పేరు మీద. గళ్ళ చొక్కా, పొడుగు జుట్టు, స్టేజీ మీద ఇంకే హంగూ లేదు. బ్రిటన్‌లో సింగిల్స్ విడుదల చేయనన్నాడు. పాటని మూడు నిమిషాలకి కత్తిరించడం ఇష్టం లేక. ఉత్తర ఐర్లండ్‌లో బాంబులు పేలుతున్న 1970లలో పెద్ద పెద్ద బ్యాండ్లు బెల్‌ఫాస్ట్ వైపు వెళ్ళడం మానేస్తే, రోరీ మాత్రం వెళ్ళి అక్కడి అల్‌స్టర్ హాల్లో వాయించేవాడు. 1995 జూన్ 14న, కాలేయ మార్పిడి తర్వాత సోకిన ఇన్ఫెక్షన్‌తో లండన్‌లో చనిపోయాడు. వయసు 47. నేను పుట్టడానికి 11 ఏళ్ళ ముందు.

ఆ గిటార్ 2024 అక్టోబరులో లండన్‌లో వేలానికొచ్చింది. 7 లక్షల పౌండ్ల దగ్గర పాట ముగిసింది. కొన్నవాళ్ళు దాన్ని ఐర్లండ్ నేషనల్ మ్యూజియానికి ఇచ్చేశారు. వార్త చదివి నేను హాస్టల్ మెట్ల మీద కాసేపు అలా కూర్చుండిపోయాను. మ్యూజియంలో అద్దం వెనక ఆ గిటార్ ఉంటుంది. అది చేసిన శబ్దం మాత్రం ఎవరెవరి అటక మీదో, అట్టపెట్టెల్లో ఉంది. ఈ వ్యాసం ఆ అట్టపెట్టెల గురించి.

రోరీ ఏ రెండు రాత్రులూ ఒకేలా వాయించలేదు. ఏ పాట తర్వాత ఏ పాటో ముందుగా రాసి పెట్టుకునే అలవాటు పెద్దగా లేదు. అక్కడికక్కడ ఒక పాట ఎత్తుకుంటే బేస్, డ్రమ్స్ వాళ్ళు వెంట పడాల్సిందే. 'ఎ మిలియన్ మైల్స్ అవే' 1973లో వచ్చిన 'టాటూ' ఆల్బమ్‌లోది. స్టూడియోలో అది ఒక అలిసిపోయిన పాట. కానీ 'ఐరిష్ టూర్ '74' లైవ్ ఆల్బమ్‌లో వినండి, మధ్యలో గిటార్ దాదాపు ఆగిపోయి, గుసగుసలోకి దిగి, మళ్ళీ లేస్తుంది. ఆ గుసగుస ఒక రాత్రి నిమిషం ఉంటుంది, ఇంకో రాత్రి మూడు నిమిషాలు. ఒక రాత్రి ఎవరో ఈల వేస్తే ఆ ఈల శ్రుతినే పట్టుకుని వాయించాడు. ఏది అసలు పాట అంటే ఏం చెప్తాం?

అమ్మకి ఫోన్‌లో ఇదంతా చెప్తే ఆవిడకి వెంటనే అర్థమైంది. “మీ తాతయ్య కాటిసీను క్యాసెట్లు ఇంతే కదరా” అంది. తిరునాళ్ళలో 'సత్య హరిశ్చంద్ర' నాటకం వేస్తే తాతయ్య టేప్ రికార్డర్ ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చునేవాడట. జనం వన్స్‌మోర్ అంటే నటుడు అదే పద్యం మళ్ళీ పాడతాడు కదా, రెండోసారి రాగం ఇంకో దారిలో వెళ్తుంది. ఆ రెండోసారి కోసమే రికార్డ్ చేసేవాడట. ఆ క్యాసెట్లు ఏమయ్యాయి అంటే, ఇల్లు మారినప్పుడు పోయాయి. అంతే. ఆవిడ మామూలుగానే చెప్పింది. నాకు మాత్రం కడుపులో ఏదో అయింది.

సరే, టేపుల సంగతి. వీటిలో రకాలున్నాయి. హాల్లో సౌండ్ మిక్స్ చేసే బల్ల నుంచి నేరుగా తీసింది సౌండ్‌బోర్డ్. రేడియోలో లైవ్ వస్తుంటే ఇంట్లో పట్టుకున్నది ఎఫ్‌ఎమ్. ఉదాహరణకి 1977 జులైలో జర్మనీలో ఎస్సెన్ నగరం గ్రూగాహాలె నుంచి రోరీ కచేరీని 'రాక్‌పలాస్ట్' కార్యక్రమం రాత్రికి రాత్రి యూరప్ అంతా ప్రసారం చేసింది. ఎన్ని ఇళ్ళలో రికార్డ్ బటన్ నొక్కారో. మూడోది ఆడియన్స్ టేప్. జనంలో ఎవడో కోటు లోపల మైక్ దాచుకుని తీసింది. దీంట్లో పక్కవాడి దగ్గు, సీసా దొర్లిన చప్పుడు, తాళం తప్పిన చప్పట్లు అన్నీ ఉంటాయి. సౌండ్‌బోర్డ్ టేపుల్లో గిటార్ శుభ్రంగా వినిపిస్తుంది, హాలు వినిపించదు. నా ఓటు ఆడియన్స్ టేపుకే. ఈ విషయంలో చాలామంది నాతో ఒప్పుకోరు. పర్లేదు.

క్యాసెట్‌ని క్యాసెట్‌కి కాపీ చేస్తే ప్రతిసారీ బుస్సుమనే హిస్ పెరుగుతుంది, పైస్థాయి శబ్దాలు మొద్దుబారతాయి. ఒరిజినల్ టేప్ మాస్టర్, దాని కాపీ ఫస్ట్ జనరేషన్, దాని కాపీ సెకండ్. ఇంటర్నెట్ లేని రోజుల్లో ఒక మంచి టేప్ 120 మందికి చేరాలంటే వీళ్ళేం చేసేవాళ్ళో తెలుసా? ఒకరి నుంచి ఒకరికి వరసగా పంపితే అది లింక్డ్ లిస్ట్, చివరివాడికి చేరేది 120వ కాపీ, వాడికి వినిపించేది వానచప్పుడే. అందుకని ట్రీ కట్టారు. నిజంగానే దాని పేరు ట్రీ. మాస్టర్ ఉన్నవాడు రూట్. అతను ఐదుగురికి, ఆ ఐదుగురిలో ఒక్కొక్కరు ఇంకో ఐదుగురికి, వాళ్ళు మళ్ళీ ఐదుగురికి. మూడు లెవెల్స్‌లో 155 మంది, ఎవరికీ థర్డ్ జనరేషన్ కంటే కింద రాదు. చివర ఉన్నవాళ్ళని లీఫ్ అనేవారు. నేను డేటా స్ట్రక్చర్స్ మిడ్ పరీక్షలో చదివిందాన్ని వీళ్ళు పోస్టాఫీసు స్టాంపులతో నడిపారు.

డబ్బు మాత్రం ఎక్కడా లేదు. టేపుకి టేపు. ఇచ్చుకోడానికి ఏమీ లేని కొత్తవాడైతే ఖాళీ క్యాసెట్లూ తిరుగు పోస్టేజీ పంపాలి, అవతలివాడు కాపీ చేసి పంపుతాడు. రెండు ఖాళీవి పంపితే ఒకటి నిండింది, ఒకటి కాపీ చేసినవాడికి, ఇలాంటి ఒప్పందాలు కూడా ఉండేవి. అమ్మినవాడిని మళ్ళీ ఎవరూ దగ్గరికి రానివ్వరు. ఆ పద్ధతులు ఇప్పటికీ ఉన్నాయి. క్యాసెట్ల స్థానంలో ఫ్లాక్ ఫైళ్ళు వచ్చాయి, అంతే. ఎంపీ3 పంపితే తిట్లే. మీరు ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చి మోసం చేద్దామన్నా కుదరదు. స్పెక్ట్రోగ్రామ్ వేసి చూస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు కనిపిస్తుంది. ప్రతి రికార్డింగ్‌తో ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ రావాలి, ఏ రికార్డర్, ఎన్నో జనరేషన్, ఎవరి చేతులు మారింది. గోత్రనామాల్లాంటిదన్నమాట.

ఇది తప్పు కాదా అని మీరు అడగొచ్చు. మా నాన్న అడిగారు. టికెట్ కొన్నవాడికి వినే హక్కే తప్ప రికార్డ్ చేసే హక్కు లేదు, ఆ మాట నిజం. గ్రేట్‌ఫుల్ డెడ్ లాంటి కొన్ని బ్యాండ్లు రికార్డ్ చేసుకోనిచ్చాయి, 1984 నుంచి టేపర్లకి విడిగా చోటు కూడా కేటాయించాయి. అందరూ అలా ఒప్పుకోలేదు. కలెక్టర్లు తమకి తామే ఒక గీత గీసుకున్నారు. అధికారికంగా విడుదలైనదాన్ని పంచుకోరు. 2014లో 'ఐరిష్ టూర్' 40 ఏళ్ళ సందర్భంగా ఏడు సీడీల పెట్టె వచ్చినప్పుడు, 2020లో 'చెక్ షర్ట్ విజార్డ్' పేరుతో 1977 కచేరీలు వచ్చినప్పుడు, ఆ రికార్డింగులు పంచుకోవడం ఆపి, వెళ్ళి ఆ సెట్లు కొనుక్కున్నారు. చట్టం దృష్టిలో ఇదేం పూర్తి సమాధానం కాదని నాకూ తెలుసు. నాన్న కూడా “ఊఁ” అని ఊరుకున్నారు, ఒప్పుకోలేదు.

నా సమస్య వేరే. టేపుకి టేపు అంటే, నా దగ్గర ఏ టేపుంది? రోరీ కచేరీకి వెళ్ళే వీలు లేదు, చనిపోయి ముప్పై ఏళ్ళు. మా ఇంట్లో ఉన్న క్యాసెట్లు పోయాయని చెప్పాను కదా. హాస్టల్ వైఫైలో టొరెంట్లు నడవవు. పోస్టేజీ పంపుదామంటే యూరోలు లేవు. తీసుకుంటూ ఉండి తిరిగి ఏమీ ఇవ్వని వాళ్ళని అక్కడ లీచ్ అంటారు, జలగ. ఆ మాట పడటం నాకిష్టం లేదు.

అప్పుడు దొరికింది హమ్. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, విసుక్కోకండి.

స్ట్రాటోకాస్టర్ గిటార్లో ఉండేవి సింగిల్ కాయిల్ పికప్‌లు. అవి తీగ కంపనంతో పాటు చుట్టూ ఉన్న కరెంటు తీగల రొదని కూడా పట్టుకుంటాయి. పాటకీ పాటకీ మధ్య సన్నగా 'మ్‌మ్‌' అని వినిపిస్తుందే, అది. యూరప్‌లో కరెంటు మనలాగే 50 హెర్ట్జ్, అమెరికాలో 60. అంటే జర్మనీలో తీసిన టేపులో ఆ రొద సరిగ్గా 50 దగ్గరో, దాని రెట్టింపులు 100, 150 దగ్గరో ఉండాలి. 51.5 దగ్గర ఉందంటే టేప్ 3 శాతం వేగంగా తిరుగుతోందన్నమాట, పాట దాదాపు పావుస్వరం పైకెళ్ళింది. చాలా క్యాసెట్లలో ఇదే జబ్బు. రోరీ గొంతు చిన్నపిల్లాడిలా వినిపిస్తుంటే జనం “ఆ రాత్రి అలా పాడాడేమో” అనుకుని ఏళ్ళ తరబడి విన్నారు.

ఇంకో తమాషా ఏంటంటే, కాపీ చేసిన ప్రతి డెక్కూ తన సొంత హమ్ కూడా కొంచెం వదిలిపోతుంది. స్పెక్ట్రమ్‌ని బాగా సాగదీసి చూస్తే 50 చుట్టుపక్కల ఒక గీత కాదు, రెండో మూడో గీతలు కనిపిస్తాయి. చెట్టు మొద్దులో వలయాలు లెక్కపెట్టినట్టు ఆ టేప్ ఎన్ని చేతులు మారిందో ఊహించొచ్చు. 10 సెకన్ల ముక్క తీసుకుంటే పదో వంతు హెర్ట్జ్ తేడా కూడా తెలుస్తుంది. మాకు సిగ్నల్స్ సబ్జెక్టు లేదు. ఈసీఈ ఫ్రెండ్ ఒకడు తన నోట్స్ ఇచ్చి, రెండు టీలకి ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ చెప్పాడు. పైథాన్‌లో ఒక 200 లైన్ల ప్రోగ్రామ్ రాశాను. ఫైల్ ఇస్తే హమ్ వెతికి, అసలు వేగానికి సర్దుతుంది. నా దగ్గర టేపుల్లేవు, వేగాలు సరిచేసి పెడతాను అని ఒకరిద్దరికి రాశాను. అలా నాకు పని దొరికింది. పనికి బదులు టేపులు.

అలా పరిచయమైనాయనే జర్మనీ పెద్దాయన. డెబ్బై దాటిన మనిషి. పేరూ ఊరూ రాయనని మాటిచ్చాను. మొదటి మెయిల్లో నేను సర్ అని రాస్తే, “నన్ను సర్ అన్నది ఒక్క బ్యాంకు వాళ్ళే, అదీ అప్పు కట్టనప్పుడు” అని జవాబిచ్చారు. యువకుడిగా ఉన్నప్పుడు రోరీ కచేరీలు దగ్గరున్న చిన్న మోనో రికార్డర్‌తో తీశారు. ఆ మాస్టర్ క్యాసెట్లు ఇప్పటికీ ఆయన దగ్గరే ఉన్నాయి. ఒక్కొక్కటి డెక్ మీద ఆడించి 24 బిట్‌లో కంప్యూటర్‌కి ఎక్కించి నాకు పంపుతారు. 90 నిమిషాలకి మూడు జీబీ. రాత్రి రెండింటికి నెట్ ఖాళీగా ఉన్నప్పుడు దించుకుంటాను. ఆయనకి ఆ టైముకి భోజనం అయిపోయి, మెయిల్స్ చూసుకునే వేళ.

మొదటి టేప్ చూడగానే ఒకటి గమనించాను. మొదట్లో హమ్ 50.4 దగ్గరుంది. చివరికి 52.1కి పాకింది. బ్యాటరీలు! అవి నీరసించేకొద్దీ రికార్డర్ నెమ్మదిగా తిరిగింది, ఇప్పుడు మామూలు వేగంలో ఆడిస్తే కచేరీ సాగేకొద్దీ శ్రుతి పైకి జారుతోంది. ఒకే సంఖ్యతో భాగిస్తే సరిపోదు, నిమిష నిమిషానికీ వేరే లెక్క కట్టాలి. వారం పట్టింది. సరిచేసి పంపితే ఆయన రాశారు, “చివరి పాటలో రోరీ అలిసిపోయాడని ఎప్పుడూ తెలీలేదు, ఇప్పుడు తెలిసింది.”

ఆయన చెవులు దెబ్బతిన్నాయని అప్పటికి నాకు తెలీదు. వయసుతో మొదట పోయేవి పైస్థాయి శబ్దాలట. స, ష, ఫ, త లాంటి హల్లుల స్పష్టత ఉండేది అక్కడే. సంగీతం వినిపిస్తుంది, పక్కవాళ్ళ మాట కలిసిపోతుంది. యంత్రం పెట్టుకున్నా హిస్సూ మాటా ఒకేలా అందుతాయట. అందుకే నాకు ఫైల్ పంపేటప్పుడు “పైన ఏదైనా చప్పుడుంటే చెప్పు, అక్కడ నువ్వే నా చెవులు” అంటారు.

అదే టేపులో మూడో పాట, రెండు నిమిషాల పద్నాలుగో సెకను. గిటార్ కిందికి దిగుతున్న చోట, మైక్‌కి అతి దగ్గరగా ఇద్దరు మాట్లాడుకుంటారు. నాలుగు సెకన్లు. మాట తెలీదు, గిటార్ కింద నలిగిపోయింది. ఈ రికార్డింగ్ పంచడానికి సాయం చేస్తున్న ఇంకో సీనియర్ కలెక్టర్ విని, “ఈ వాగుడు తీసెయ్, ఇప్పుడు ఎఐ టూల్స్ ఉన్నాయిగా, మంచి ఘట్టం పాడైంది” అన్నారు. తియ్యొచ్చు. నేను ప్రయత్నించి చూశాను కూడా. మాటలు పోతాయి, వాటితోపాటు గిటార్ కూడా నీళ్ళలో మునిగినట్టు అవుతుంది. అయినా అసలు ఆ టేప్ నాది కాదు. పెద్దాయనని అడిగాను, తియ్యమంటారా అని.

ఆయన జవాబు పొడుగ్గా వచ్చింది. మాట్లాడినవాళ్ళలో ఒకరు ఆయనే. ఇంకొకరు ఆయన స్నేహితుడు, ఇద్దరూ ఒకే వర్క్‌షాపులో పని నేర్చుకున్నారు. ఆ రికార్డర్ స్నేహితుడిది, కారూ అతనిదే. అతను 2009లో చనిపోయాడు. అతని గొంతు ఇంకెక్కడా లేదు, ఈ నాలుగు సెకన్లు తప్ప. “అక్కడ వాడేమన్నాడో నాకు ఒకప్పుడు బాగా వినిపించేది. ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చు కదా అని గుర్తుపెట్టుకోలేదు. ఇప్పుడు వినిపించదు, గుర్తూ లేదు. పక్కింటివాళ్ళకి వినిపించాను, గిటార్ కింద మాట వాళ్ళకీ అందలేదు. నువ్వు కనుక్కోగలవా?”

నాకు జర్మన్ ఒక్క ముక్క రాదు. అయినా సరేనన్నాను.

డెమక్స్ అని ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఉంది, పాటలోంచి గొంతు, డ్రమ్స్, బేస్ విడగొడుతుంది. ఆ చోట రోరీ పాడట్లేదు కాబట్టి గొంతు ముక్కలో మిగిలేది వీళ్ళిద్దరి మాటే. వచ్చిన ఫైల్ దెయ్యాలు మాట్లాడుకున్నట్టుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మూడు రాత్రులు అదే నాలుగు సెకన్లు విన్నాను. మొదట ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నాను. పొద్దున చూసుకుంటే నేను రాసింది నాకే చదవడం రాలేదు, ఒక్కో అక్షరాన్ని మూడు రకాలుగా పలకొచ్చు. అప్పుడు తెలుగులో రాశాను. విన్నది విన్నట్టు:

“లోయ్‌ఫ్ట్ దస్ బంట్?”

“యా, యా. జై ష్టిల్.”

ఇందులో జ, జైహింద్‌లో జ కాదు, జల్లెడలో జ. రూమ్మేట్ కాగితం చూసి, “బంటు, జై... ఇది హనుమంతుడి భజనలా ఉంది కదరా” అన్నాడు. నవ్వాపుకోలేకపోయాం, పక్క రూమువాళ్ళు గోడ కొట్టారు.

మా బ్లాకులో ఫైనల్ ఇయర్ అన్న ఒకాయన ఎమ్మెస్‌కి జర్మనీ వెళ్ళాలని సిటీలో జర్మన్ క్లాసులకి వెళ్తున్నాడు. మెస్‌లో పట్టుకుని కాగితం ఇచ్చాను. ఆడియో ఇంకా వినిపించనేలేదు. అన్న ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుని ఒకసారి లోపల చదివాడు, రెండోసారి పైకి చదివాడు. “ఎవర్రా ఇది రాసింది, యాసతో సహా ఉంది” అన్నాడు. బంట్ కాదు, రాసేటప్పుడు 'బంద్' అని రాస్తారు, చివర ద ని ట లా పలుకుతారు, నువ్వు విన్నదే కరెక్ట్ అన్నాడు. బంద్ అంటే టేపు.

“టేపు తిరుగుతోందా?”

“ఆఁ, ఆఁ. చప్పుడు చెయ్యకు.”

“రెండోది మర్యాదగా చెప్తే అలా. ఫ్రెండ్‌తో కాబట్టి నోర్ముయ్ అనుకో,” అన్నాడు అన్న. తర్వాత ఆడియో వినిపించాను. సాంబారు చల్లారిపోయేదాకా హెడ్‌ఫోన్స్ తియ్యలేదు.

అన్నే జర్మన్‌లో టైప్ చేసి ఇచ్చాడు. పంపాను. ఏ రోజు మెయిల్ ఆ రోజే చూసే మనిషి నాలుగు రోజులు జవాబివ్వలేదు. నాకేవో ఆలోచనలు. నోర్ముయ్ అన్నది ఈయనే కదా. ఆ మాట తెలియకుండా ఉండటమే మేలేమో అనిపించింది. ఐదో రోజు ఒక్క ప్రశ్న వచ్చింది. “ఆ తర్వాత వాడు మళ్ళీ మాట్లాడాడా?”

ఆదివారం కూర్చుని 90 నిమిషాలూ విన్నాను, గిటార్ కోసం కాదు. రాసుకున్నది ఇది. మొదటి వైపు 31వ నిమిషంలో మైక్ దగ్గర ఒక దగ్గు, అరచెయ్యి అడ్డం పెట్టుకున్నట్టుంది. ప్రతి పాట చివరా దగ్గరగా రెండు జతల చప్పట్లు, వాటిలో ఒక జత మొదటి మూడు నాలుగు దెబ్బలకే ఆగిపోతుంది. చేతిలో రికార్డర్ ఉన్నాయన అయ్యుంటారు. రెండోది చివరిదాకా కొడుతుంది. రెండో వైపు 'బుల్‌ఫ్రాగ్ బ్లూస్' మొదలవగానే ఎవరో గట్టిగా ఈల. మాట మాత్రం ఎక్కడా లేదు. ఇవన్నీ నిమిషాలు, సెకన్లతో సహా పంపాను.

“ఆ ఈల వాడిదే,” అని రాశారు. “నాకు ఈల వెయ్యడం రాదు. వాడికి టేపు గురించి బెంగ, రికార్డర్ వాడిదీ, బ్యాటరీలు పాతవీ. నేనేమో పాట పాడవుతుందని వాణ్ణి కసిరాను. చూడు, గంటన్నర నోరు మెదపలేదు.” కింద ఇంకో లైను. “ఎక్కడా ఏమీ తియ్యొద్దు.”

ఆ సీనియర్ కలెక్టర్‌కి విషయం చెప్పాను. ఆయన కొంచెం నసిగి, సరే టెక్స్ట్ ఫైల్లో రాసెయ్, లేకపోతే అందరూ అడుగుతారు అన్నారు. రాశాను. మూడో ట్రాక్, 2:14 దగ్గర రికార్డ్ చేసినవాళ్ళ మాటలున్నాయి, అలాగే ఉంచాం. ఇది బయటికొచ్చిన తర్వాత బ్రెజిల్ నుంచి ఒకాయన ఆ మాటల వల్ల పాట చెడిందని రాశాడు. వేగం సరిగ్గా ఉందని ఇంకో ఇద్దరు మెచ్చుకున్నారు. నా ఫోల్డర్‌లో 'ఎ మిలియన్ మైల్స్ అవే' 62కి చేరింది.

పెద్దాయన దగ్గర ఇంకా 11 క్యాసెట్లున్నాయి. ఇప్పుడు మా తలనొప్పి ఈ మొదటిదాంతోనే. సి-90 క్యాసెట్ ఒక్కో వైపు 45 నిమిషాలే కదా. సరిగ్గా సోలో మధ్యలో మొదటి వైపు టక్కున అయిపోతుంది. తిప్పి మళ్ళీ నొక్కేసరికి ఎంత పోయిందో తెలీదు, పాత సెట్లతో పోల్చి చూస్తే 20 సెకన్లకి తక్కువ కాదు. చీకట్లో క్యాసెట్ తిప్పింది స్నేహితుడేనట, ఈయన మైక్ పట్టుకుని ఉన్నారు. అదే రాత్రి అదే హాల్లో ఇంకెవరైనా రికార్డ్ చేసి ఉంటే ఆ ముక్క తెచ్చి అతికించొచ్చు. బాల్కనీలో ఎడమవైపు ఒకడు పొడుగాటి కోటు వేసుకుని, ఎండాకాలంలో, చేతులు కట్టుకుని కదలకుండా నిలబడ్డాడని ఈయనకి గుర్తు. ఎండాకాలంలో కోటంటే లోపల మైక్ ఉన్నట్టే. అతను ఎక్కడున్నాడో వెతుకుతున్నాం.